పాత టూ స్ట్రోక్ బండితో మట్టిదారుల్లో తిరిగేవారు ఎయిర్ ఫిల్టర్‌ను, ఇంజన్‌ను ఎలా చూసుకోవాలి

1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100ను, దాని తోబుట్టువు ఆర్‌ఎక్స్ 135ను, 1993లో వచ్చిన సుజుకి షోగన్‌ను ఇప్పటికీ గుట్టల దారుల్లో, చెరువు కట్టల మీద, డర్ట్ ట్రాకుల్లో నడిపేవారు ఉన్నారు. ఇవి రోడ్డు కోసం తయారైన బండ్లే అయినా, బరువు తక్కువ కావడం వల్లా, ఇంజన్ చేతికి వెంటనే స్పందించడం వల్లా మట్టిలో నడపడానికి బాగా పనికివస్తాయి. అయితే రోడ్డు మీద ఏళ్ల తరబడి నిలిచే ఇంజన్ దుమ్ములో కొద్ది నెలలకే బోరు (పిస్టన్ కదిలే రంధ్రం) అరిగి చేతికి రావచ్చు. అలా జరగకుండా ఇంట్లోనే, మామూలు పనిముట్లతో, క్రమం తప్పకుండా చేసుకోవలసిన పనులను ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా ఆర్‌ఎక్స్ 100 ఇంజన్‌ను తీసుకున్నాను. అది 50 మి.మీ. బోరు, 50 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న 98 సీసీ గాలి చల్లార్పు ఇంజన్. అందులో రీడ్ వాల్వ్ (గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చే రేకుల తలుపు) ఉంటుంది, ఆయిల్‌ను ఆటోల్యూబ్ పంపు అందిస్తుంది. విదేశాల్లో పాత వైజెడ్ 125 వంటి అసలు సిసలు డర్ట్ బైక్ కొనుక్కున్న తెలుగువారికి కూడా ఫిల్టర్ గురించి చెప్పినదంతా యథాతథంగా వర్తిస్తుంది. ఆ బండ్లలో ఇంజన్‌ను నీటితో చల్లారుస్తారు, ఆయిల్‌ను పెట్రోలులోనే కలుపుతారు, కాబట్టి మిగిలిన విషయాల్లో మాత్రం వారు తమ బండి పుస్తకాన్ని అనుసరించాలి.

ముందుగా ఫిల్టర్ ఎందుకు

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో కార్బొరేటర్ నుంచి వచ్చే గాలి నేరుగా పిస్టన్ పైభాగానికి చేరుతుంది. కింద క్రాంక్ (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) భాగం తన ఆయిల్‌లో తాను వేరుగా ఉంటుంది. టూ స్ట్రోక్‌లో అలా కాదు. పిస్టన్ పైకి లేచినప్పుడు కింద ఏర్పడే ఖాళీలోకి రీడ్ వాల్వ్ ద్వారా పెట్రోలు కలిసిన గాలి చొరబడుతుంది, పిస్టన్ దిగినప్పుడు ఆ గాలి నొక్కుకుపోయి పక్కదారుల గుండా పైకి వెళ్తుంది. అంటే ఫిల్టర్ దాటిన ప్రతి దుమ్ము రేణువూ ముందు క్రాంక్ బేరింగులను, కనెక్టింగ్ రాడ్ కింది బేరింగును, పిస్టన్ పిన్ను బేరింగును తాకి, ఆ తరువాతే బోరులోకి చేరుతుంది. కడిగి పట్టుకోవడానికి అక్కడ ఆయిల్ నిల్వ లేదు, ఆయిల్ ఫిల్టరూ లేదు. మన నేల దుమ్ములో ఎక్కువగా ఉండే ఇసుక రేణువు పిస్టన్ అల్యూమినియం కన్నా, బోరు పోత ఇనుము కన్నా గట్టిది. 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ తడిలో ఆ రేణువులు కలిస్తే అవి వాల్వులను అరగదీసే గ్రైండింగ్ పేస్టులాగా పనిచేస్తాయి. అందువల్ల ఇంజన్ మీద ఎంత ఖర్చు పెట్టినా, ఫిల్టర్ సరిగ్గా లేకపోతే ఆ ఖర్చంతా వృథా అయినట్టేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఫిల్టర్‌ను విప్పడం

ఈ బండ్లలో ఫిల్టర్ స్పాంజితో తయారై, ఆయిల్ తడితో పనిచేస్తుంది. స్పాంజి రంధ్రాలు దుమ్ము రేణువుల కన్నా పెద్దవే. రేణువులను పట్టుకునేది స్పాంజిని అంటిన జిగురు ఆయిల్. ఆయిల్ లేని పొడి స్పాంజి చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా సన్నని దుమ్మును లోపలికి వదిలేస్తుంది. కంప్రెసర్ గాలి కొట్టి దులిపి మళ్లీ బిగించే అలవాటు కాగితపు ఫిల్టర్ల నుంచి వచ్చింది. స్పాంజికి అది పనికిరాదు సరికదా, గాలి ఒత్తిడికి అతుకులు విడిపోయే ప్రమాదం కూడా ఉంది.

పక్క మూత తీయడానికి ముందే దాని చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో దులిపి, తడిగుడ్డతో తుడవండి. మూత తీసిన తరువాత రాలే మట్టి నేరుగా ఫిల్టర్ డబ్బాలో పడుతుంది కాబట్టి ఈ చిన్న పనిని వదిలేయకూడదు. ఫిల్టర్‌ను కుదపకుండా నెమ్మదిగా బయటికి లాగి, వెంటనే కార్బొరేటర్ వైపు వెళ్లే దారిని శుభ్రమైన గుడ్డతో మూయండి. అయితే అలా మూయడానికి ముందు ఒక పరీక్ష తప్పకుండా చేయాలి. తెల్లటి పొడి గుడ్డను వేలికి చుట్టి, కార్బొరేటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం లోపలి గోడ మీద తుడిచి చూడండి. గుడ్డకు ఆయిల్ మరక అంటితే పరవాలేదు. ఎర్రటి లేదా బూడిద రంగు పొడి అంటితే, గరుకుగా తగిలితే, దుమ్ము ఫిల్టర్‌ను దాటి పోతున్నదని అర్థం. అప్పుడు ఫిల్టర్‌ను కడిగి ఊరుకోకుండా, ఆ దుమ్ము ఏ దారిన వచ్చిందో వెతికి తీరాలి. చాలాసార్లు కారణం స్పాంజిలో ఉండదు. స్పాంజి అంచు డబ్బాకు ఆనే చోట సందు మిగిలిపోవడమో, డబ్బా మూత వంగిపోవడమో, రబ్బరు గొట్టం మీద సన్నని పగులో కనిపిస్తుంది.

కడగడం, ఆరబెట్టడం

ఒక బేసిన్‌లో కిరోసిన్ పోసి స్పాంజిని ముంచి, రెండు అరచేతుల మధ్య నొక్కుతూ, వదులుతూ పాత ఆయిల్‌ను కరిగించండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవడం మంచిది. బట్టలు పిండినట్టు మెలితిప్పితే స్పాంజి అతుకుల దగ్గర చిరుగుతుంది. మొదటి కిరోసిన్ నల్లబడిన తరువాత దాన్ని పక్కన పెట్టి, కొత్త కిరోసిన్‌తో ఇంకోసారి అలాగే చేయండి. పెట్రోలుతో కడగవద్దు. ఎందుకంటే పెట్రోలు స్పాంజి అతుకుల జిగురును కరిగిస్తుంది. దాని ఆవిరి దూరంగా ఉన్న చిన్న నిప్పురవ్వకు కూడా అంటుకోగలదు. కిరోసిన్ కూడా మండే వస్తువే కాబట్టి ఈ పనిని పొయ్యికి, బీడీ సిగరెట్లకు దూరంగా ఆరుబయట చేయండి, మురికి కిరోసిన్‌ను మట్టిలో, కాలువలో పారబోయకుండా డబ్బాలో నిలవ చేయండి.

తరువాత గోరువెచ్చని నీటిలో గిన్నెలు కడిగే ద్రవం కొద్దిగా కలిపి, కిరోసిన్ వాసన పోయేంతవరకు స్పాంజిని నొక్కి కడగండి. మంచినీటితో జాడించేటప్పుడు నీరు లోపలి వైపు నుంచి బయటి వైపుకు పోయేటట్టు పట్టుకోండి. లేకపోతే బయటి మురికి శుభ్రమైన వైపుకు చేరుతుంది. నీటిని నొక్కి తీసి, నీడలో, గాలి తగిలే చోట పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో పెడితే స్పాంజి త్వరగా పెళుసుబారుతుంది. తడి మిగిలి ఉంటే ఆయిల్ సమానంగా అంటదు కాబట్టి ఒక రాత్రి పూర్తిగా వదిలేయడమే మేలు. ఈ కారణంగానే క్రమం తప్పకుండా మట్టిలో తిరిగేవారు రెండు ఫిల్టర్లు ఉంచుకోవాలని చెబుతాను. ఒకటి బండిలో ఉండగా రెండోది ఆయిల్ పట్టించి ప్లాస్టిక్ సంచిలో సిద్ధంగా ఉంటే, ఆరని ఫిల్టర్‌ను తొందరపడి బిగించే అవసరం రాదు.

ఆరిన స్పాంజిని వెలుతురుకు ఎదురుగా పట్టి, మెల్లగా సాగదీస్తూ అతుకులన్నీ చూడండి. సూదిమొన అంత రంధ్రం కనిపించినా, వేళ్ల మధ్య నలిపితే పొడి రాలినా దాన్ని పారేసి కొత్తది కొనండి.

ఆయిల్ పట్టించి బిగించడం

స్పాంజి ఫిల్టర్ల కోసమే తయారుచేసిన జిగురు ఆయిల్ దొరికితే అదే అన్నిటికన్నా మంచిది. దొరకనప్పుడు చిక్కటి ఇంజన్ ఆయిల్ వాడవచ్చు, కాని అది కొన్ని రోజులకు కిందికి జారి పై భాగం పొడిబారుతుంది కాబట్టి త్వరత్వరగా చూసుకోవాలి. స్పాంజిని ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆయిల్ పోసి, సంచి బయటి నుంచే పిసకండి. రంగు అంతటా ఒకే తీరుగా కనిపించేవరకు పిసికి, మిగులు ఆయిల్‌ను నొక్కి తీసేయండి. చేత్తో పట్టుకుంటే వేళ్లకు జిగురుగా అంటాలి, చుక్క మాత్రం కారకూడదు. ఆయిల్ ఎక్కువైతే గాలి దారి మూసుకుపోయి బండి లాగదు, ప్లగ్గు తడిసిపోతుంది.

ఆలోగా ఫిల్టర్ డబ్బా లోపలి భాగాన్ని గుడ్డతో తుడిచి, అడుగున నీరు పోయే రంధ్రం మట్టితో మూసుకుపోలేదని చూసుకోండి. స్పాంజి అంచు డబ్బాకు ఆనే చోట పలుచగా గ్రీజు రాసి, చుట్టూ వేలితో తడుముతూ కూర్చోబెట్టి, మూత బిగించండి. ఆ గ్రీజు వలయం దుమ్మును ఆపుతుంది. తరువాతిసారి విప్పినప్పుడు గ్రీజు మీద దుమ్ము గీత ఎక్కడైనా లోపలికి దాటి కనిపిస్తే, అంచు సరిగ్గా ఆననిది అక్కడేనని తెలుస్తుంది.

ఎన్నాళ్లకు ఒకసారి కడగాలన్నది దారిని బట్టి ఉంటుంది. వేసవిలో, ముందు వెళ్లే బండి దుమ్ము మింగుతూ గుంపుగా తిరిగిన రోజున, ఆ సాయంత్రమే ఫిల్టర్‌ను మార్చాలి. వానాకాలపు తడి నేలలో దుమ్ము తక్కువ, కాని నీళ్లలోంచి వెళ్లివచ్చిన తరువాత డబ్బా తప్పక తెరిచి చూడాలి. రోడ్డు మీద మాత్రమే తిరిగితే పుస్తకంలో ఇచ్చిన గడువు చాలు. పికప్ పెరుగుతుందని ఫిల్టర్‌ను పూర్తిగా తీసేసో, డబ్బా మూత తీసేసో తిప్పడం మన దగ్గర చాలా చోట్ల కనిపిస్తుంది. అలా చేస్తే గాలి ఎక్కువై, పెట్రోలు పాలు తగ్గి, ఇంజన్ వేడెక్కుతుంది. దుమ్ము సంగతి చెప్పనే అక్కరలేదు. అలా తిరిగిన బండి పిస్టన్‌ను విప్పి చూసినవారు మళ్లీ ఆ పని చేయరు.

దొంగ గాలి

ఫిల్టర్ ద్వారా కాకుండా వేరే సందుల్లోంచి చొరబడే గాలి టూ స్ట్రోక్‌కు మరో పెద్ద శత్రువు. ఆక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగకుండా పైనే నిలిచిపోతే, ఐడిలింగ్ ఒక్కొక్కసారి ఒక్కో తీరుగా ఉంటే, ముందుగా దీన్ని అనుమానించాలి. ఫిల్టర్ డబ్బా నుంచి కార్బొరేటర్‌కు వచ్చే గొట్టాన్ని వేళ్లతో వంచి పగుళ్ల కోసం చూడండి. అక్కడి పగులు దుమ్మును కూడా తెస్తుంది. కార్బొరేటర్ నుంచి ఇంజన్‌కు పోయే భాగంలో ప్యాకింగ్, ఓ రింగు, బోల్టులు చూడండి. ఆ తరువాత అనుమానించవలసినవి క్రాంక్ ఆయిల్ సీల్స్, అంటే క్రాంక్ రెండు కొసల దగ్గర గాలిని, ఆయిల్‌ను ఆపే రబ్బరు వలయాలు.

ఈ సీల్స్ రెండు. ఎడమవైపు మాగ్నెటో వెనుక ఉన్న సీల్ పాడైతే బయటి గాలి లోపలికి పీల్చుకుపోతుంది, ఇంజన్ వేడెక్కి చివరకు పట్టేస్తుంది. కుడివైపు క్లచ్ పక్కన ఉన్నది పాడైతే గేరు ఆయిల్ లోపలికి చేరి మండుతుంది. సైలెన్సర్ నుంచి దట్టమైన తెల్ల పొగ వస్తుంది, గేరు ఆయిల్ ఎక్కడా కారకుండానే తగ్గిపోతూ ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్ల బండి మీ చేతికి వచ్చి, దాని సీల్స్ ఎప్పుడు మార్చారో చెప్పేవారు లేకపోతే, రెండూ కొత్తవి వేయించుకుని మొదలుపెట్టడం తెలివైన పని. అనుమానం తీర్చుకోవాలంటే మెకానిక్ చేత ప్రెషర్ టెస్ట్ చేయించవచ్చు. గాలి పోయే దారులన్నీ మూసి, చేతి పంపుతో సుమారు 6 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, ముల్లు నిలుస్తుందో దిగుతుందో చూస్తారు. దిగితే సబ్బు నీరు పూసి బుడగలు వచ్చే చోటు కనిపెడతారు. అంతకుమించి గాలి ఎక్కిస్తే మంచి సీల్స్ కూడా తమ చోటు నుంచి కదిలిపోగలవు.

కార్బొరేటర్ తీసినప్పుడు రీడ్ వాల్వ్‌ను కూడా బయటికి తీసి వెలుతురుకు పట్టి చూడండి. రేకుల కొసలు తమ ఆసనానికి ఆని ఉండాలి, అంచుల్లో పగులు ఉండకూడదు. స్టీలు రేకు ముక్క విరిగితే అది నేరుగా ఇంజన్‌లోకే పోతుంది. వాటి స్క్రూలకు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించాలి.

కార్బొరేటర్, ఇప్పటి పెట్రోలు

కార్బొరేటర్‌ను విప్పి, జెట్లను (పెట్రోలును కొలతగా వదిలే ఇత్తడి ముక్కలను) కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగి, వెలుతురుకు పట్టి చూడండి. మూసుకుపోయిన రంధ్రాన్ని తీగతో పొడవకండి, ఇత్తడి మెత్తనిది కాబట్టి రంధ్రం కొలత మారిపోతుంది. నైలాన్ దారపు పోగు చాలు. ఆక్సిలరేటర్ నాలుగో వంతు వరకు పైలట్ జెట్‌దే పెత్తనం, అక్కడి నుంచి ముప్పావు వంతు వరకు కార్బొరేటర్‌లోని సూది (నీడిల్)ది, ఆ పైన మెయిన్ జెట్‌ది. బండి ఏ దశలో ఇబ్బంది పెడుతున్నదో గమనిస్తే ఏ భాగాన్ని చూడాలో దానంతట అదే తెలుస్తుంది. ఫిల్టర్ వైపున్న ఎయిర్ స్క్రూను లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది (గాలిలో పెట్రోలు వంతు పెరుగుతుంది), బయటికి తిప్పితే పలచబడుతుంది. మెత్తగా ఆనేవరకు లోపలికి తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్లు బయటికి తెచ్చి మొదలుపెట్టి, ఇంజన్ వేడెక్కిన తరువాత సరిచేసుకోండి. సూది క్లిప్పును ఒక గాడి కిందికి మారిస్తే సూది పైకి లేచి మధ్య దశలో పెట్రోలు పెరుగుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందువల్ల అవే జెట్లతో మిశ్రమం పలచబడుతుంది, అంటే 1980లలో కుదిర్చిన కార్బొరేటర్ ఇవాళ ఇంజన్‌ను కొంచెం వేడిగా నడుపుతుంది. ఎత్తైన గుట్ట మీద పూర్తి ఆక్సిలరేటర్‌తో లాగించినప్పుడు ఇంజన్ టిక్ టిక్ మని కొట్టుకున్నా, ప్లగ్గు తెల్లబడినా, మెయిన్ జెట్‌ను ఒక అంకె పెంచి చూడండి. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, పాత రబ్బరు భాగాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోలు పైపు, ఫ్లోట్ చాంబర్ ప్యాకింగ్ కొత్తవి వేసుకోండి.

ఆయిల్ విషయం

ఆటోల్యూబ్ పంపు చక్కగా ఉంటే దాన్ని పీకేయవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. ఆక్సిలరేటర్‌ను బట్టి, ఇంజన్ వేగాన్ని బట్టి ఆయిల్ అందించడం అది బాగా చేస్తుంది. అయితే దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. పంపు మీది గుర్తులు కేబుల్ లాగినప్పుడు పుస్తకంలో చూపినట్టు కలుస్తున్నాయో లేదో చూడండి. ఆక్సిలరేటర్ కేబుల్‌ను సర్దిన ప్రతిసారీ ఈ గుర్తులు తప్పిపోయే అవకాశం ఉంది. ఆయిల్ ట్యాంక్ ఒకసారి ఖాళీ అయినా, పైపు విప్పినా, పంపులో గాలి చేరుతుంది. బ్లీడ్ స్క్రూ వదులుచేసి బుడగలు లేని ఆయిల్ వచ్చేవరకు కారనిచ్చి బిగించండి. ఆ తరువాత మొదటి ట్యాంక్ పెట్రోలులో కూడా కొంత 2టీ ఆయిల్ కలిపి నడిపితే పంపు సరిగ్గా పనిచేస్తున్నదో లేదో తేలేలోపు ఇంజన్‌కు రక్షణ ఉంటుంది.

మీ బండికి పంపు ఇప్పటికే తీసేసి ఉంటే, ప్రతి లీటరుకు కొలిచి కలపండి. 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిల్ అంటే లీటరుకు 20 మి.లీ., 40కి 1 అంటే 25 మి.లీ., 32కి 1 అంటే సుమారు 31 మి.లీ. ఎండలో, గుట్టల మీద ఎక్కువసేపు లాగించే గాలి చల్లార్పు ఇంజన్‌కు నేను 32కి 1నే ఇష్టపడతాను. ఒక సంగతి మరచిపోకూడదు: ఆయిల్ పెరిగితే అంత మేర పెట్రోలు తగ్గుతుంది కాబట్టి మిశ్రమం కొద్దిగా పలచబడుతుంది, పాలు మార్చిన తరువాత ప్లగ్గు రంగు మళ్లీ చూడాలి. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల గుర్తు) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉన్న 2టీ ఆయిల్ కొనండి, అది పొగ, బొగ్గు తక్కువ చేస్తుంది. విడిగా పోసి అమ్మే ఆయిల్ చవక అని కొనవద్దు. పొడవైన దిగుడు దారిలో ఆక్సిలరేటర్ పూర్తిగా మూసి ఇంజన్ బ్రేక్‌తో దిగవద్దు. చక్రం ఇంజన్‌ను వేగంగా తిప్పుతూ ఉంటుంది, ఆయిల్ మాత్రం చాలినంత అందదు. మధ్యమధ్య క్లచ్ నొక్కి కొద్దిగా రేజ్ చేస్తూ దిగండి.

గేరు ఆయిల్ దీనికి పూర్తిగా వేరు. దానికి తడి క్లచ్‌కు తగిన, జాసో ఎంఏ అని రాసి ఉన్న మోటార్‌సైకిల్ ఆయిల్ పోయాలి. వాగు దాటిన తరువాత అది పాల రంగులోకి మారితే నీరు చేరినట్టు, వెంటనే మార్చేయండి.

ప్లగ్గు చెప్పే మాట

వేడి ఇంజన్‌తో కొంతదూరం గట్టిగా లాగించి, క్లచ్ నొక్కి ఇంజన్ ఆపి, ప్లగ్గు విప్పి చూడండి. ఐడిలింగ్‌లో వదిలేసిన తరువాత చూస్తే రంగు తప్పుదారి పట్టిస్తుంది. లేత గోధుమ రంగు మంచిది. తడి నలుపు పెట్రోలు లేదా ఆయిల్ ఎక్కువైనట్టు, లేదా ఫిల్టర్ మూసుకుపోయినట్టు. పాలిపోయిన తెలుపు, దాని మీద చిన్న లోహపు చుక్కలు కనిపిస్తే ఇక బండి నడపకుండా ఆపి కారణం వెతకండి. ఆ చుక్కలు పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. ప్లగ్గు మార్చేటప్పుడు వేడి స్థాయి అంకెలు కంపెనీని బట్టి తిరగబడతాయని గుర్తుంచుకోండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, బాష్‌లో అంకె తగ్గితే చల్లటి ప్లగ్గు. కొత్త ప్లగ్గును చేత్తో చివరివరకు తిప్పి, స్పానర్‌తో అర చుట్టు బిగిస్తే చాలు. ప్లగ్గు విప్పే ముందు దాని చుట్టూ ఉన్న మట్టిని గాలితో కొట్టి పారేయండి, అది రంధ్రంలో పడితే నేరుగా పిస్టన్ మీదే.

బ్లాక్ విప్పవలసి వస్తే

కిక్కు మునుపటి కన్నా తేలికగా దిగుతుంటే, బండి లాగడం తగ్గితే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ చప్పుడు వినిపిస్తుంటే, ముందు కంప్రెషన్ గేజ్ పెట్టి, ఆక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కిక్ కొట్టి చూడండి. కొత్త బోరు, కొత్త రింగులు కుదురుకున్నప్పుడు వచ్చిన అంకెను రాసిపెట్టుకుంటే, తరువాత ఎంత తగ్గిందో చూసి నిర్ణయించుకోవచ్చు. గేజ్ గేజ్‌కు అంకె మారుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకే గేజ్ వాడాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాత హెడ్ నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేసి, హెడ్, బ్లాక్ తీయండి. బ్లాక్ పైకి వస్తుండగానే కింది రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో నింపండి, లేకపోతే పిస్టన్ పిన్ను సర్‌క్లిప్ (పిన్ను జారకుండా పట్టే తీగ వలయం) ఎగిరి క్రాంక్‌లో పడుతుంది. ఇప్పుడు పిస్టన్‌ను తీరిగ్గా పరిశీలించాలి, ఎందుకంటే ఇంజన్ చరిత్ర అంతా దాని మీద కనిపిస్తుంది. కార్బొరేటర్ వైపున్న కింది అంచు నునుపుగా, మాసిన బూడిద రంగులో, తయారీ గీతలు చెరిగిపోయి ఉంటే అది దుమ్ము చేసిన పని. ఫిల్టర్ దగ్గర లోపం మిగిలే ఉంది. చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలు పడి ఉంటే, చల్లటి ఇంజన్‌ను వెంటనే రేజ్ చేసినందువల్ల పిస్టన్ వేగంగా వ్యాకోచించి బోరు దానికి చోటివ్వలేదన్నమాట. సైలెన్సర్ వైపు మాత్రమే గీతలుంటే వేడి, ఆయిల్ లోపం, లేదా పలచని మిశ్రమం. రింగుల కింద గోధుమ రంగు మరక దిగితే రింగులు గాలి వదులుతున్నాయి. కారణం తెలుసుకోకుండా కొత్త పిస్టన్ వేస్తే అదే గాయం మళ్లీ వస్తుంది.

రింగును బోరులో పెట్టి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. 25 మి.మీ. బోరుకు 0.1 మి.మీ. లెక్కన 50 మి.మీ. బోరుకు 0.2 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి; అంతకు రెట్టింపు దాటితే రింగులు మార్చాలి. కనెక్టింగ్ రాడ్‌ను పట్టి నేరుగా పైకీ కిందికీ లాగి చూడండి. ఆ దిశలో ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే. బోరు అరిగి ఉంటే లేత్ షాపులో బోరు చేయించి 0.25 మి.మీ. పెద్ద పిస్టన్ వేస్తారు, ఆ తరువాత 0.50, 0.75, 1.00 వరకు అవకాశం ఉంటుంది. పిస్టన్‌ను ముందే కొని లేత్ పనివారి చేతికివ్వండి, ఆ పిస్టన్‌ను కొలిచే బోరు చేయాలి. మార్కెట్‌లో నకిలీ పిస్టన్లు చాలా ఉన్నందున కొనే చోటు విషయంలో పొదుపు చూడవద్దు. పోర్టుల (బోరు గోడలోని గాలి దారుల) పదును అంచులను కొద్దిగా మొద్దుబార్చమని అడగండి, లేకపోతే అవి రింగును పట్టి లాగుతాయి. ఆ తరువాత బ్లాక్‌ను వేడినీళ్లు, సబ్బుతో రుద్ది, తెల్లగుడ్డ తుడిస్తే మచ్చ పడనంతవరకు కడిగి, వెంటనే ఆయిల్ రాయండి.

బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. రింగు గుర్తు పైకి, కొసలు పిస్టన్‌లోని చిన్న పిన్నుల దగ్గర సరిగ్గా కూర్చోవాలి. సర్‌క్లిప్‌లు, ప్యాకింగులు ప్రతిసారీ కొత్తవే. మొదటి పూట ఇంజన్‌ను కొద్దిసేపు తిప్పి పూర్తిగా చల్లారనివ్వడం రెండు మూడుసార్లు చేసి, చల్లటి ఇంజన్ మీద హెడ్ నట్లు మరోసారి సరిచూడండి. ఆ తరువాత 500 కిలోమీటర్ల వరకు ఒకే వేగంలో ఎక్కువసేపు నడపవద్దు.

సైలెన్సర్, రెక్కలు

సైలెన్సర్ చివరి బోల్టు తీస్తే లోపలి బఫిల్ (చప్పుడు తగ్గించే గొట్టం) బయటికి వస్తుంది. దాని మీది బొగ్గును వైరు బ్రష్‌తో గీకండి. బ్లాక్‌లోని సైలెన్సర్ రంధ్రపు బొగ్గును పిస్టన్ కిందికి దించి, చెక్క పుల్లతోనే గీకాలి. కాస్టిక్ సోడాను అల్యూమినియం భాగాలకు తగలనివ్వవద్దు, అది లోహాన్నే తినేస్తుంది. హెడ్, బ్లాక్ రెక్కల మధ్య ఎండిన మట్టి గాలి చల్లార్పును అడ్డుకుంటుంది కాబట్టి ప్రతి ప్రయాణం తరువాత దాన్ని బ్రష్‌తో తీసేయండి. నీళ్లతో కడిగితే ఇంజన్ చల్లారిన తరువాత, సైలెన్సర్ కొసను గుడ్డతో మూసి, ఫిల్టర్ డబ్బా వైపు ధార పడకుండా కడగాలి.

కొన్ని వారాలు బండి తీయరని తెలిస్తే, పెట్రోలు నాబ్ కట్టి, కార్బొరేటర్‌లోని పెట్రోలును అడుగు స్క్రూ విప్పి ఖాళీ చేయండి. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు 2టీ ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించకుండానే నెమ్మదిగా రెండు మూడు కిక్కులు కొట్టి, ఆ తరువాత బిగించండి. మళ్లీ తీసే రోజున పాత పెట్రోలు మార్చి, ఫిల్టర్‌ను వేలితో నొక్కి చూడండి. ఆయిల్ కిందికి జారి పై అంచు పొడిగా తగిలితే, బండికి కిక్ కొట్టడానికి ముందే దాన్ని మళ్లీ ఆయిల్ పట్టించి బిగించాలి.